బతికున్నావిడ పటానికి బంతిపూల దండ

మనిషి పోయాక గోడ మీద ఏ మొహం మిగలాలో ముందుగా తేల్చుకోని వాళ్ళను చూస్తే బాలనాగమ్మకు ఒళ్ళు మండుతుంది. చీర ఏది కట్టాలి, ఎవరెవరికి కబురు చెప్పాలి, దినం నాడు గారెలా బూరెలా, అన్నీ మాట్లాడుకుంటారు. తీరా పటం కట్టించే వేళకు ఫోన్లు తడుముకుంటారు. మొన్నటికి మొన్న పక్క బ్లాకు ఆవిడ పోతే, ఎవరి పెళ్ళిలోనో తీసిన ఫోటోలోంచి ఆవిడను కత్తిరించి పెద్దది చేయించారు. భుజం మీద ఇంకెవరిదో చెయ్యి మిగిలిపోయింది, ఉంగరంతో సహా. వచ్చిన వాళ్ళు దండం పెట్టింది ఆవిడకో, ఆ చేతికో వాళ్ళకే తెలియాలి.

సొంత ఇంట్లో మాత్రం ఏం వెలగబెట్టారు? మొగుడు ఓబయ్య ఓడల యార్డులో క్రేన్ నడిపిన మనిషి. ఆయన పోయినప్పుడు యార్డు గుర్తింపు కార్డు మీది ఫోటోనే సాగదీసి పటం కట్టించింది కూతురు సుస్మిత. అందులో ఓబయ్య, దొంగతనానికి కొత్తగా దిగి మొదటి రోజే దొరికిపోయిన వాడిలా ఉంటాడు. బతికినన్నాళ్ళూ నవ్వు మొహమే ఆయనది. పొద్దున్నే హాల్లో దక్షిణపు గోడ మీది ఆ పటానికి పువ్వు పెడుతూ, "నీ మొహం ఇట్ల చేసి పెట్టినారు గదయ్యా" అని ఆవిడ విసుక్కోని రోజు లేదు.

తనకు అలా జరగనివ్వదలుచుకోలేదు. కంచి పట్టుచీర, రెండు ముక్కుపుడకలు, మెడలో కాసులపేరు, తలెత్తి నేరుగా చూసే చూపు. ఎవరు గుమ్మంలోకి వచ్చినా ముందు చెప్పులు విడిచి, గొంతు తగ్గించి మాట్లాడాలనిపించేలా ఉండాలి ఆ పటం. అంతకు తక్కువైతే ఒప్పుకునేది లేదు.

అలా అనుకునే హక్కు ఆవిడకు ఉంది. ప్రొద్దుటూరులో మూడో తరగతి మధ్యలోనే బడి మాన్పిస్తే, అచ్చక్షరాలు చదవగలిగినంత చదువుతోనే పెళ్ళి చేసుకుని సింగపూర్ వచ్చింది. ఇంగ్లీషు రాదు, మలయ్ రాదు. మార్కెట్లో చేపలమ్మే చైనా ఆయనతో తెలుగులోనే బేరమాడి, చివరికి ఆయన చేతనే "సాలు సాలు" అనిపించింది. ఓబయ్య జీతానికి తోడు ఒంటరిగా ఉండే తెలుగు కుర్రాళ్ళకు క్యారియర్లు కట్టింది. ఆ ఉలవచారు తిని ఉద్యోగాల్లో చేరిన వాళ్ళు ఇప్పుడు తలలు నెరిసి, కార్లలోంచి దిగి, "ఆంటీ బాగున్నారా" అని ఆగుతారు.

ఇంకో పని కూడా చేసింది. దాని గురించి ఎవరూ కార్లు ఆపి అడగరు. ఆ రోజుల్లో ఇక్కడ ఒక తెలుగు ఇంట్లో ఆడమనిషి పోతే, అక్కచెల్లెళ్ళు, వదినలు అంతా సముద్రం అవతల ఉండేవాళ్ళు. ముట్టుకుని స్నానం చేయించడానికి దిక్కుండదు. బాలనాగమ్మను పిలిచేవాళ్ళు. ఆవిడ వెళ్ళి, కొంగు నడుముకు దోపి, నీళ్ళు కాచి, కుంకుడుకాయ రసంతో తల రుద్ది, పసుపు రాసి, దువ్వి, బొట్టు పెట్టి, చీర కట్టి బయటికి వచ్చేది. ఇంటికి వచ్చి తలకు పోసుకుని మళ్ళీ క్యారియర్లు కట్టేది. ఇప్పుడు అన్నీ కంపెనీలే చూసుకుంటున్నాయి, చాలా శుభ్రంగా, సొంతవాళ్ళ చెయ్యి తడవకుండా.

పటం సంగతి ఆవిడ తలలో తిరుగుతున్న రోజుల్లోనే మనవరాలు తన్మయి ఎదురొచ్చింది. తన్మయి ఇక్కడే పుట్టింది, బొమ్మలు గీసే కాలేజీలో ఆఖరి ఏడాది చదువుతోంది. ఆ చదువేమిటో, దానికి ఆఖరి ఏడాదంటూ ఒకటి ఎందుకో బాలనాగమ్మకు ఎప్పుడూ బోధపడలేదు.

"అవ్వా, నా ఫైనల్ ప్రాజెక్ట్‌కి మోడల్ కావాలి. నువ్వు కూర్చుంటావా?" అంది.

"కూర్చుంటే ఏం చేస్తావు?"

"నీ పెయింటింగ్ వేస్తా. ఆయిల్‌లో. పెద్దది. బరోక్ స్టైల్. నాలుగు వందల ఏళ్ళ కింద యూరప్‌లో చర్చిల కోసం వేసేవాళ్ళు కదా, అట్లా."

పెద్దది అన్న మాట బాలనాగమ్మకు నచ్చింది. గుళ్ళో పెట్టేంతటి బొమ్మ. "వేసినాక నాకిస్తావా?" అని అడిగింది.

"ఎగ్జిబిషన్ అయ్యాక నీదే లా" అంది, మాట చివర సింగపూర్ వాళ్ళ 'లా' తగిలించి.

అలా ఒప్పందం కుదిరింది. అమ్మాయికి కూర్చునే మనిషి దొరికింది, అవ్వకు పోయాక మిగిలే మొహం దొరికింది. మరునాడు ఉదయమే బాలనాగమ్మ పట్టుచీర కట్టి, కాసులపేరు వేసుకుని, హాల్లో కుర్చీలో రాణిలా కూర్చుంది. తన్మయి చూసి నెత్తి పట్టుకుంది.

"అవ్వా, సిల్క్ వద్దు. నగలు వద్దు. ఆ బ్రౌన్ దుప్పటి కప్పుకో."

"మేయ్ పాపా, నేనేమన్నా బస్టాండులో అడుక్కుంటాండానా?"

"కాదు అవ్వా, సెయింట్. వాళ్ళు అన్నీ వదిలేసినవాళ్ళు." అని ట్యాబ్ తెచ్చి చూపించింది.

చూపించినవన్నీ చీకటి బొమ్మలు. ఒక్కొక్క దాన్లో ఒక ముసలాయనో ఒక ఆడమనిషో, పక్క నుంచి ఒక్క వెలుతురు, మిగతాదంతా మసి. ఎముకలు తేలిన ఛాతీలు, మట్టి కొట్టుకున్న పాదాలు, ఆకాశం వైపు తిప్పిన కళ్ళు, చెంప మీద ఆగిపోయిన కన్నీటి చుక్క. చేతిలోనో బల్ల మీదో ఒక పుర్రె.

"ఈళ్ళిండ్లల్లో కిటికీలు లేవా?" అంది బాలనాగమ్మ. "ఈ పుర్రె ఏంది, పిల్లోడి ఆటబొమ్మ పట్టుకున్నట్టు?"

"అది చావు గుర్తుండాలని. ప్రార్థన చేసేటప్పుడు ఎదురుగా పెట్టుకునేవాళ్ళు. మనం కూడా పోతాం అని మర్చిపోకుండా."

"దాన్ని గుర్తు పెట్టుకోను వస్తువు గావాల్నా? నాకు మోకాళ్ళుండాయి, చాలు."

తన్మయి నవ్వలేదు. నవ్వకపోవడమే ఆ పిల్లతో వచ్చిన తంటా. కాలేజీ వాళ్ళు అరువిచ్చిన ప్లాస్టిక్ పుర్రెను సంచీలోంచి తీసి అవ్వ ఒళ్ళో పెట్టింది. ఆ సాయంత్రం చాంగీ బిజినెస్ పార్క్‌లోని బ్యాంకు ఆఫీసు నుంచి ఇంటికొచ్చిన సుస్మిత, సోఫా మీద అది చూసి అక్కడే ఆగిపోయింది.

"అమా, రేపు శుక్రవారం. అది దేవుడి గూటికి ఎదురుగా ఉందే."

"కాళికమ్మ మెడ నిండా ఏసుకుంటే దండం పెడతావు, ఒక్కటి సోఫా మీద ఉంటే నీకు గుండె దడ. ఏం కాదులే, అది చైనాలో చేసిన ప్లాస్టిక్కు" అంది బాలనాగమ్మ. అయినా శుక్రవారం ఉదయం దాన్ని వాషింగ్ మెషిన్ వెనక పెట్టింది. కూతురితో వాదించడం వేరు, లక్ష్మీదేవితో వేరు.

ఆ తరువాతి రోజులు ఆవిడ ఓపికకు పెద్ద పరీక్ష అయ్యాయి. ముందు అమ్మాయి బొమ్మ గీసే గుడ్డంతా తారు పూసినట్టు గోధుమరంగు పులిమింది. అది ఆరాలంది. ఆరాక మళ్ళీ గోధుమరంగే పులిమింది. మొహం ఎప్పుడని అడిగితే, చీకటి ముందు రావాలి, వెలుతురు చివర్న వస్తుంది అంది. ఇడ్లీ పిండి కన్నా నెమ్మదిగా పొంగే పని లోకంలో ఒకటుందని బాలనాగమ్మకు అప్పుడే తెలిసింది. ఇల్లంతా టర్పెంటైన్ వాసన. పప్పు తిన్నా టర్పెంటైనే. మెడ తిప్పితే "అవ్వా కదలొద్దు", మాట్లాడితే "అవ్వా నోరు". మాట్లాడకుండా అంతసేపు కూర్చోవడం ఆవిడ జన్మలో అదే మొదటిసారి.

కళ్ళు పైకెత్తమన్నప్పుడు మాత్రం ఎదురు తిరిగింది.

"దేవుడి ముందర కూర్చున్నోళ్ళు దీపం దిక్కు చూస్తారు గానీ, ఫ్యాను దిక్కు చూస్తారా? నేనట్ల చూడను."

"సరే, కిందికి చూడు. పుర్రె వైపు."

అది చేసింది. చేసి ఊరుకుంది.

బొమ్మ అయిందని చెప్పిన రోజు తన్మయి దానిమీది గుడ్డ తీసింది. బాలనాగమ్మ చాలాసేపు చూసింది. అందులో ఉన్నది ఒక ముసలిది. గొంతు కింద చర్మం నీళ్ళు పిండిన గుడ్డలా వేలాడుతోంది. జుట్టు పలచన. కళ్ళకింద నల్లటి గుంటలు. ముక్కుపుడకలు లేవు, బొట్టు లేదు, దుప్పటి జారిన భుజం ఎముక వెలుతురులో పెద్దగా కనబడుతోంది. వేళ్ళు మటుకు పుర్రె మీద ఎక్కడో తడబడుతున్నట్టు ఉన్నాయి.

"ఇది నేనా?"

"అవును అవ్వా."

"నన్ను చంపి కూర్చోబెట్టినట్టుండావు. ఇది గోడకు తగిలిస్తే, వచ్చినోళ్ళు పాపం ఈమెకు అన్నం పెట్టలేదంటారు మీ అమ్మను. ఒద్దు. నాకొద్దు ఈ బొమ్మ. నేను ఫోటో స్టూడియోకి పోతా."

"నేను చూసినట్టే వేశా. అబద్ధం వేయాలా?"

"నేను నిన్ను అబద్ధం అడిగినానా? ముక్కుపుడక అబద్ధమా?"

ఇద్దరూ అప్పటి నుంచి మాట్లాడుకోలేదు. ఒకే ఇంట్లో, ఒకే వంటింట్లో, రసం గిన్నె అందుకోవాలన్నా సుస్మిత చెయ్యి మధ్యలో ఉండాల్సిందే. బాలనాగమ్మ పట్టుచీర ఇస్త్రీ చేయించి, స్టూడియోకి ఎప్పుడు తీసుకుపోతావని కూతుర్ని రోజూ వేధించింది. సుస్మిత శనివారం అంది, తరువాత ఇంకో శనివారం అంది.

తన్మయి పని మాత్రం ఆగలేదు. ఆ కాలపు చిత్రకారులు కొందరు పవిత్రమైన బొమ్మ చుట్టూ నిండుగా పూలదండ గీసేవాళ్ళట. పూలు వాడిపోతాయి, భక్తి ఉంటుంది అని చెప్పడానికట. అవ్వ బొమ్మ చుట్టూ తను కూడా దండ గీయాలనుకుంది. చూసి గీయడానికి లిటిల్ ఇండియా వెళ్ళి, బొద్దుగా కట్టిన బంతిపూల దండ ఒకటి, మల్లెలది ఒకటి తెచ్చింది. ఉదయం హాల్లో వెలుతురు బాగా పడేది దక్షిణపు గోడ మీదనే. ఓబయ్య పటం పక్కన మేకు కనబడింది. బొమ్మను దానికి తగిలించి, దండలు రెండూ వేసి, కింద స్టూలు మీద కొవ్వొత్తి వెలిగించి, దూరంగా నిలబడి చూసుకుంది. బాగుందనుకుంది. బతికున్న మనిషి పటానికి దండ వేయకూడదన్న సంగతి ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన సంగతని కూడా ఎవరికీ తోచలేదు, నిప్పు కాలుతుందని చెప్పనట్టే.

బాలనాగమ్మ అప్పుడు స్నానాల గదిలో ఉంది. శనివారం తలంటు. సుస్మిత కూరగాయలకు వెళ్ళింది.

కాత్యాయని సరిగ్గా అప్పుడే వచ్చింది. కాకినాడావిడ. సింగపూర్‌లోనే ఉత్తరపు చివర, వుడ్‌ల్యాండ్స్‌లో ఉంటుంది. చాలా ఏళ్ళుగా బాలనాగమ్మకు చెల్లెలి కింద లెక్క. కాకినాడలో నెలల తరబడి ఉండి ముందురోజే తిరిగొచ్చి, చెప్పకుండా వచ్చి అక్కను ఆశ్చర్యపరుద్దామని కాజాల డబ్బాతో మెట్రో రైలెక్కింది. టర్పెంటైన్ ఘాటుకు కళ్ళెర్రబడిన తన్మయి తలుపు తీసింది. "రండి ఆంటీ, ఒక్క నిమిషం" అని బ్రష్షులు కడగడానికి వంటింట్లోకి పోయింది. కాత్యాయని హాల్లోకి అడుగు పెట్టి గోడ వైపు చూసింది. ఓబయ్య. పక్కనే బాలనాగమ్మ. దండ. దీపం.

డబ్బా చేతిలోంచి జారింది.

స్నానాల గది తలుపు సన్నంగా తెరిచి, తలకు తువ్వాలు చుట్టుకుంటున్న బాలనాగమ్మకు ముందు ఏడుపు వినబడింది. ఎవరి ఇంట్లో ఎవరు పోయారో అనుకుంది. తరువాత గొంతు గుర్తుపట్టింది. తరువాత మాటలు.

"ఎంత పని చేశావక్కా. నేనొచ్చేదాకా ఆగలేకపోయావా? ఒక్కళ్ళూ ఫోన్ చెయ్యలేదే నాకు. నేనంత కానిదాన్నయిపోయానా?" కాత్యాయని గోడ ముందు నేలమీద కూలబడింది. "నోరు పెద్దదే నీది. మా ఇంటికొచ్చినప్పుడల్లా నా సాంబారుకి వంక పెట్టావు. నా కోడలి ముందు కూడా పెట్టావు. నేను మర్చిపోలేదు."

బాలనాగమ్మ తలుపు తీయబోయి ఆగింది. చచ్చినాక కూడా సాంబారా అని చిరాకు పడింది.

"మా అత్తగారు పోయినప్పుడు ఒళ్ళు చూసి మేమంతా గుమ్మం దగ్గరే నిలబడిపోయాం. పుళ్ళు పడిన మనిషి. నువ్వు లోపలికెళ్ళి తలుపేసుకున్నావు. నేను కిటికీలోంచి చూశాను. ఆవిడ తల నీ ఒళ్ళో పెట్టుకుని నీళ్ళు పోస్తున్నావు. అచ్చం ఇదే మొహం. ఇదే చూపు. ఆ రోజు నిన్ను చూసి నాకు భయం పోయింది. ఆ మాట నీతో ఎప్పుడూ అనలేదు. అంటే నువ్వు నెత్తికెక్కి కూర్చునేదానివి."

తలుపు పూర్తిగా తెరుచుకుంది. తువ్వాలు చుట్టిన తలతో, నీళ్ళు కారుతున్న మోచేతులతో బాలనాగమ్మ హాల్లోకి వచ్చి నిలబడింది.

"నీ సాంబారు ఇప్పటికీ బాగుండదు" అంది.

కాత్యాయని వెనక్కి తిరిగి చూసి, గోడకు అతుక్కుపోయింది. గోడ మీది మొహాన్నీ, ఎదుటి మొహాన్నీ మార్చి మార్చి చూసింది. కొంతసేపటికి భయం పోయి కోపం వచ్చింది.

"బతికుండి దండ వేయించుకుంటావా? నీకేమన్నా మతి పోయిందా అక్కా?"

"నేను ఏయించుకున్నానా? అదిగో, ఆ చదువుకున్నదాన్ని అడుగు."

వంటింటి గుమ్మంలో తడి బ్రష్షులతో తన్మయి నిలబడి ఉంది. ఏం జరిగిందో సగమే అర్థమైంది. "ఏమైంది ఆంటీ? పెయింటింగ్ బాలేదా?"

కాత్యాయని ఆ పిల్లకు చెప్పడం మొదలుపెట్టింది. దండ ఎవరికి వేస్తారు, ఏ గోడకు వేస్తారు, దీపం ఎందుకు పెడతారు. చెబుతూ మధ్యలో మళ్ళీ ఏడ్చింది. తన్మయి మొహం పాలిపోయింది. "సారీ అవ్వా. సారీ, నాకు తెలీదు. నేను ఫ్రేమ్ లాగా అనుకున్నా" అంటూ దండలు లాగబోతే బంతిపూలు రాలి నేలంతా పసుపయింది.

"లాగొద్దు, నిదానంగా తియ్యి. పూలేం చేసినాయి?" అని బాలనాగమ్మ తనే దండలు తీసి స్టూలు మీద చుట్టగా పెట్టింది. కొవ్వొత్తి ఆర్పింది. "బల్ల మీద పెట్టుకుని చూసి గీసుకో. నేను పోయినాక పటం మీద ఏసుకుందువు."

కాజాలు డబ్బాలోనే విరిగాయి. విరిగినవే ముగ్గురూ టీతో తిన్నారు. బాలనాగమ్మ బొమ్మకు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. టీ చల్లారిపోయినా దానిమీంచి కళ్ళు తిప్పలేదు. అది చూసి కాత్యాయని బెంగపడి, "ఒంట్లో బాగానే ఉందా అక్కా?" అని అడిగింది.

"బాగుండక ఏం? ఒక్క మాట చెప్పు. పట్టుచీర ఫోటో ఉండుంటే ఏడ్చేదానివా?"

కాత్యాయని దాచుకోకుండా ఆలోచించింది. "ఏడ్చేదాన్నేలే. కానీ చీర ఎక్కడ కొన్నావో కూడా అనుకునేదాన్ని."

"అనుకుంటావు. నిన్నెరగనా?"

సుస్మిత కూరగాయల సంచులతో వచ్చేసరికి నేలమీద బంతిపూల రేకులు, గోడ మీద తల్లి, సోఫాలో ఎర్రబడిన కళ్ళతో కాత్యాయని కనబడ్డారు. ఏమిటని అడిగే లోపే బాలనాగమ్మ అందుకుంది. "స్టూడియో వద్దులే. శనివారం శనివారమని ఎట్లాగూ నువ్వు తీసుకపోయేదానివి కాదు. ఇదే పెట్టండి నేను పోయినాక. బొట్టు లేదని ఎవరన్నా అంటే, కడిగేటప్పుడు చెమటకు కరిగిపోయిందని చెప్పు."

"ఏం కడిగేటప్పుడు అమా?"

"నువ్వు పుట్టకముందు సంగతులు. అన్నం వండు పో."

కాత్యాయని భోజనం చేసి రైలుకు వెళ్ళింది, దారి పొడుగునా తన్మయికి ఫోన్‌లో ఇంకా ఏమేం చేయకూడదో చెబుతూనే. ఆదివారం ఉదయం తన్మయి లేచి వచ్చేసరికి, గోధుమరంగు దుప్పటి కప్పుకుని, వెలుతురు పడే చోట కుర్చీలో బాలనాగమ్మ కూర్చుని ఉంది. ఒళ్ళో ప్లాస్టిక్ పుర్రె.

"అవ్వా, అయిపోయింది కదా. దండ ఒక్కటే మిగిలింది."

"ఏం అయిపోయింది? మొహం సరే. చేతులు నువ్వు గీసింది కొబ్బరికాయ పట్టుకున్నట్టుండాది."

"నువ్వు అట్లాగే పట్టుకున్నావు ఆ రోజు."

"ఆ రోజు నాకు ఇది ప్లాస్టిక్కే." బాలనాగమ్మ కుడిచెయ్యి పుర్రె వెనక్కి పోనిచ్చింది. మెడలో బలం లేని తలను పట్టుకునేటప్పటిలా వేళ్ళు విచ్చుకుని, అరచెయ్యి గిన్నెలా అయింది. ఎడమ బొటనవేలు నుదుటి మీద, నీళ్ళు కళ్ళలోకి జారకుండా అడ్డం పెట్టినట్టు నిలిచింది.

తన్మయి అలాగే చూస్తూ ఉండిపోయింది.

"చూస్తావేంది? నా మోకాళ్ళు ఎక్కువసేపు ఆగవు. గీయి."

అమ్మాయి బ్రష్షు తీసుకుంది. చేతుల దగ్గర ఆరిన రంగును గీకి, మళ్ళీ గోధుమరంగుతో మొదలుపెట్టింది. బాలనాగమ్మ గట్టిగా నిట్టూర్చింది. మళ్ళీ ఆరాలి, మళ్ళీ కూర్చోవాలి, మళ్ళీ ఆ వాసనతో పప్పు తినాలి.

"అవ్వా, నోరు" అంది తన్మయి.